పిలిచినా లేవని థ్రెడ్డు

నేను చేసే పనేమిటో ఊళ్లో చెప్పడం మానేసి చాలాకాలమైంది. నూజివీడులో నా వయసు ఆడమనిషి పగలంతా కంప్యూటర్ ముందు కూర్చుంటే ట్యూషన్లు చెబుతోందనో, పెళ్లి సంబంధాలు కుదురుస్తోందనో అనుకుంటారు. పాలవాడు మొదటిది నమ్మాడు, పక్కింటివాళ్లు రెండోది నమ్మారు. నేను దేన్నీ కాదనలేదు. నిజం చెబితే గుమ్మంలో నిలబడి పాఠం మొదలుపెట్టాలి, పాఠాలు చెప్పీ చెప్పీ ఎప్పుడో విసిగిపోయాను. ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సి భాష చెప్పేదాన్ని. పిల్లలు చేరడం తగ్గి కాలేజీ మూతపడింది. ఆ తర్వాత విజయవాడలో ఒక చిన్న కంపెనీ నాకు పని ఇచ్చింది. వాళ్లు రాసిన ప్రోగ్రాములు ఎక్కడ చెడతాయో వెతికి, చెడగొట్టి చూపించడమే ఆ పని.

ఆ కంపెనీ మామిడికాయలు మాగబెట్టే గదులకి ఒక పెట్టె తయారుచేసింది. గదిలోకి కాయని పండించే ఇథిలీన్ గ్యాసు ఎంత వదలాలో, ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు గాలి తిప్పాలో, ఎప్పుడు కూలర్ వేయాలో అదే చూసుకోవాలి. మా వైపు కార్బైడ్ పొడి పొట్లాలు ట్రేల మధ్య పెట్టి కాయలు మాగబెట్టేవాళ్లు ఎంతమంది ఉండేవాళ్లో అందరికీ తెలుసు. అది చట్టప్రకారం తప్పు, తినేవాళ్లకి చేటు. గ్యాసు గది పద్ధతి మంచిది, కానీ గదిని కనిపెట్టుకుని ఉండాలి. ఆ కాపలా మనిషికి లేకుండా చేయడానికే ఈ పెట్టె.

నాకు అప్పగించింది అందులో ఒక్క ముక్క. ఒకే ప్రోగ్రాములో నాలుగు పనులు ఒకేసారి నడవాలంటే సి భాషలో థ్రెడ్లు పెడతారు. మా పెట్టెలో ఒక థ్రెడ్డు గ్యాసు మీటరు దగ్గర కూర్చుని అంకె కోసం ఎదురుచూస్తుంది. రీడ్ అంటుంది, అంకె వస్తే తీసుకుంటుంది, మళ్లీ రీడ్ అంటుంది. అంకె రాకపోతే కదలకుండా అక్కడే ఉండిపోతుంది. దాన్నే మావాళ్లు బ్లాక్ అవడం అంటారు. గ్యాసు ఇక చాలు అనుకున్నప్పుడు, అన్నిటినీ నడిపించే పెద్ద థ్రెడ్డు దీనికి క్యాన్సెల్ పంపుతుంది, అంటే పని అయింది లే అని. పంపి, అది లేచి వచ్చేదాకా గుమ్మంలో నిలబడుతుంది. అది వచ్చాకే గాలి ఫ్యాను, కూలర్ వేస్తుంది. ఇందులో నేను తేల్చాల్సింది ఒక్కటే. ఎదురుచూస్తూ బిగుసుకుపోయినవాడికి లేవమన్న కేక వినబడుతుందా, లేదా?

మా ఆయన గుళ్లో అర్చకుడు. థ్రెడ్డంటే ఏంటని ఒకసారి అడిగి, దారమని తెలుసుకుని, తెగితే కొత్తది వేసుకోవాలిగానీ దానికింత గొడవెందుకని జంధ్యం సవరించుకుంటూ గుడికి వెళ్లిపోయారు. ఆ రోజు నవ్వాను.

ఇంట్లో పరీక్షకి అసలు మీటరు కావాలని కంపెనీని అడిగాను. ఉన్నది ఒక్కటే మీటరు, అది గోదాములో బిగించేశాం, మీరు దొంగ మీటరుతో చూడండి అన్నారు. సరే, ప్రోగ్రాములోనే ఒక గొట్టం లాంటిది పెట్టి, అందులోకి ఏమీ పంపకుండా, థ్రెడ్డుని దాని ముందు కూర్చోబెట్టాను. అది రీడ్ అని కూర్చుంది. క్యాన్సెల్ పంపాను, వెంటనే లేచింది. అంకె సగం పంపి ఆపేసి చూశాను, లేచింది. లాప్‌టాప్ మీద వేరే పనులు కుమ్మరించి, మిషన్ ఉక్కిరిబిక్కిరి అవుతున్నప్పుడు పిలిచాను, అప్పుడూ లేచింది. పిలిచిన ప్రతిసారీ చెప్పిన మాట వినే శాల్తీని మా ఇంట్లో అంతకుముందు చూడలేదు. మనసులో అనుమానం ఉంటూనే ఉంది. అసలు మీటరుతో చూడనిదే ఈ ఫలితం చెల్లదని రిపోర్టులో రాశాను. అయితే గోదాములోనే చూసుకోండి, మీ ఊరే కదా అని జవాబు వచ్చింది.

ఆ గోదాము ఆగిరిపల్లి వెళ్లే దారిలో ఉండేది. దాన్ని నడిపేది షావుకారమ్మ. ఊళ్లో అందరూ ఆవిడని అలాగే పిలిచేవారు. భర్త పోయాక, ఆయన చేసిన మామిడికాయల వ్యాపారాన్ని తనే చేతుల్లోకి తీసుకుంది. పూత మీద తోటలు మాట్లాడుకోవడం, కోత కూలీల్ని పంపడం, కాయలు సరిచూసి ట్రేలకెత్తించడం అన్నీ ఆవిడే. భర్త బతికినన్నాళ్లూ ఆ పొడి గదుల్లో తిరిగి తిరిగి దగ్గుతూనే ఉండేవాడట. ఆ దగ్గు పొడి వల్లేనని ఏ డాక్టరూ అనలేదు, కానీ ఆవిడ అలాగే నమ్మింది. ఆయన పోయాక పొడి పొట్లం గోదాము గుమ్మం దాటనివ్వలేదు.

గోదాము ఉమ్మడిది. ఆవిడ బావగారికి, అంటే భర్త అన్నగారికి, మెయిన్ రోడ్డు మీద హోల్‌సేల్ కిరాణా ఉంది. పొడి వాడనంటే వ్యాపారం ఎలా నడుస్తుందని ఆయన మొదటినుంచీ గొణుగుతున్నాడు. గోదాము ఖాళీ చేస్తే కూల్‌డ్రింకుల సరుకు పెట్టుకుంటానని ఆయన ఉద్దేశం. చివరికి ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. ఈ ఒక్క సీజను గ్యాసు గదితో కాయలు శుభ్రంగా మాగి సరుకు నిలబడితే గోదాము ఆవిడదే. లేదంటే తాళాలు ఆయనకిచ్చి ఆవిడ మామిడి వ్యాపారం మానుకోవాలి. ఈ సంగతి నాకు ఆవిడే మొదటిరోజు చెప్పింది, చాలా మామూలుగా, ట్రేలో కాయలు సర్దుకుంటూ.

నేను ఆవిడని వదినగారూ అనేదాన్ని, ఆవిడ నన్ను టీచరు గారూ అనేది. మా పెట్టెకి పసుపు రాసి బొట్టు పెట్టింది, పైన నిమ్మకాయ కూడా పెట్టబోతే రసం లోపలికి దిగుతుందని వద్దన్నాను. పెట్టె ఎలా పనిచేస్తుందో చెప్పమంది. మీటరు దగ్గర ఒకడు కూర్చుని ఉంటాడనీ, చాలు లేవమని ఇంకోడు పిలుస్తాడనీ, పిలిస్తే వాడు లేస్తాడా లేదా అన్నదే నా బాధ అనీ చెప్పాను. పిలిస్తే పలకనివాళ్లు మా ఇంట్లోనూ ఉన్నారు లెండి అంది. బావగారి గురించే అని ఇద్దరికీ తెలుసు, ఇద్దరం నవ్వుకున్నాం. నాకు ఆవిడ నచ్చింది. చెప్పింది చెప్పినట్టు పట్టుకునే మనిషి, అర్థంకాని చోట తల ఊపకుండా మళ్లీ అడిగే మనిషి. కాలేజీలో అలాంటివాళ్లు నాకు ఏడాదికొకరు దొరికేవారు.

సీజన్‌లో ఆ గోదాములో ఒక ఆచారం ఉండేది. చెడ్డమాట అనకూడదు. కాయ కుళ్లితే కుళ్లిందనరు, పక్కకి తీశామంటారు. సరుకు తగ్గిందని, అమ్ముడుపోలేదని, పోయిందని గోదాము గోడల మధ్య ఎవరూ అనరు. కూలీలు కూడా అంతే. దుకాణాలు పెట్టుకున్న ఇళ్లల్లో ఇది మామూలే, మా ఇంట్లో కూడా బియ్యం అయిపోయాయనం, నిండుకున్నాయంటాం. నేనొకసారి నోరు జారి, ఈ మీటరు చచ్చిందేమో అంటే, చుట్టూ ఉన్నవాళ్లందరూ చేతిలో పని ఆపి నా వంక చూశారు. ఆవిడ నెమ్మదిగా, మీటరు నిద్రపోతోందేమో చూడండి టీచరు గారూ అని సరిదిద్దింది. ఆ మాట ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పి మరీ నవ్వాను.

పద్ధతి ఇలా పెట్టుకున్నాం. నేను రోజూ గోదాముకి వెళ్లలేను, ఇంట్లో వేరే పరీక్షలు కూడా ఉన్నాయి. కాయలు పెట్టి గది మూశాక, గ్యాసు టైము అయ్యేసరికి ఆవిడ ఆపే బటన్ నొక్కాలి. ఆగి, ఫ్యాను, కూలర్ తిరిగితే నాకు ఫోన్ చేసి చెప్పాలి. ఆగకపోతే అలాగే వదిలేసి నన్ను పిలవాలి. పెట్టెలో ఉన్న మెమరీ కార్డులో ఏం జరిగిందో లైను లైనుగా పడుతుంది, ఆ కార్డుని మా వీధిలోకి వచ్చే ఆటోలో పంపితే నేను చూసి వెనక్కి పంపుతాను.

ఆవిడ ఫోన్లు నాకిప్పటికీ చెవుల్లో ఉన్నాయి. ఆగిందండీ టీచరు గారూ, ఫ్యాను కూడా తిరుగుతోందండీ. అంతే, రెండు ముక్కలు, పెట్టేసేది. ప్రతిసారీ అదే మాట. నాకు సంతోషంగా ఉండేది. కార్డులు చూసేదాన్ని. కొన్నిసార్లు లైన్లు చక్కగా ముగిసేవి, క్యాన్సెల్ పంపాం, లేచి వచ్చింది, ఫ్యాను వేశాం అని. కొన్నిసార్లు క్యాన్సెల్ పంపాం అన్న లైను దగ్గర అర్ధాంతరంగా తెగిపోయేవి, ఆ తర్వాత పెట్టె మళ్లీ మొదటినుంచి లేచినట్టు ఉండేది. ఎండాకాలంలో మా వైపు ఏ పెట్టె కార్డు చూసినా అలాగే ఉంటుంది. కరెంటు పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. మా ఇంట్లో గ్రైండరు కూడా పప్పు సగం రుబ్బి ఆగిపోయే రోజులవి. కరెంటు పోయిందని రాసుకుని ముందుకెళ్లాను. ఇంకో ఊళ్లో, కరెంటు పోని ఊళ్లో కూర్చున్న టెస్టరైతే అక్కడ ఆగి ఆలోచించేదేమో.

సీజను మధ్యలో ఆవిడ తమ్ముడి కూతురి పెళ్లి వచ్చింది, రాజమండ్రి అవతల. సీజన్‌లో ఆవిడ ఊరు దాటి ఏళ్లయింది. గదిలో అప్పుడే ముసునూరు వైపు తోటనుంచి వచ్చిన చిన్న రసాలు పెట్టారు, ఆ ఏటికల్లా మంచి కాయ. గది తెరిచే రోజుకి బావగారు విజయవాడ కొనుగోలుదార్లని తీసుకొస్తానన్నాడు, వాళ్లకి నచ్చితే ఆయన నోరు కూడా మూతపడుతుంది. ఆవిడ నాకు ఫోన్ చేసి, వెళ్లనా వద్దా అని అడిగింది. బటన్ ఎవరూ నొక్కక్కర్లేదని, టైము పెడితే పెట్టె దానంతట అదే ఆపుకుంటుందని చెప్పాను. ఇన్నాళ్లు ఆగింది కదండీ, ఇప్పుడూ ఆగుతుంది, హాయిగా వెళ్లి రండి అన్నాను. ఆవిడ ఒక క్షణం ఏమీ అనలేదు. తర్వాత, మీరంటే సరేనండీ అంది. ఆ క్షణం మౌనాన్ని అప్పుడు పట్టించుకోలేదు, ఇప్పుడు పట్టించుకుని చేసేదేమీ లేదు.

పెళ్లినుంచి వచ్చిన పొద్దున్నే నాకు ఫోన్ చేసింది. ఒకసారి రండి టీచరు గారూ అంది, ఇంకేం చెప్పలేదు. స్కూటీ మీద వెళ్లాను. గోదాము గేటు దగ్గరే వాసన తెలిసింది. మాగిన రసాల వాసన కాదు, పులిసిన వాసన. గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపలి వేడి మొహానికి కొట్టింది. ట్రేలన్నీ అలాగే ఉన్నాయి. కాయలు ఒకవైపు మెత్తగా ఉడికిపోయి నల్లబడ్డాయి, రెండోవైపు పచ్చగా, గట్టిగా ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుంటే తొక్క నా వేళ్లకి అంటుకుని వచ్చింది. బావగారు, ఆయనతో వచ్చిన ఇద్దరు కొనుగోలుదార్లు బయట చెట్టునీడలో నిలబడి ఉన్నారు. ఆయన కేకలు వేస్తాడేమో, వేస్తే తిరిగి నాలుగు అనాలని సిద్ధంగా వెళ్లాను. ఆయన నాకు నమస్కారం పెట్టి, కొనుగోలుదార్లని కారెక్కించి, వాళ్లతోపాటు వెళ్లిపోయాడు.

పెట్టె చూశాను. ఆపాలి అన్న లైటు వెలుగుతూనే ఉంది. మీటరు దగ్గర కూర్చున్న థ్రెడ్డు ఇంకా కూర్చునే ఉంది, పెద్ద థ్రెడ్డు గుమ్మంలో నిలబడి ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. ఫ్యాను తిరగలేదు, కూలర్ పడలేదు. పెళ్లి జరిగినంతసేపూ ఇద్దరూ అలాగే ఉన్నారు.

నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం.

"ఇదివరకు ఆగింది కదండీ వదినగారూ? మీరే కదా రోజూ చెప్పారు."

ఆవిడ ట్రే అంచు పట్టుకుని నిలబడి ఉంది.

"ఆగిందండీ. ఒక్కోసారి అదే ఆగేది. ఆగనప్పుడు మెయిన్ తీసేసి మళ్లీ వేసేదాన్ని. అప్పుడు బానే తిరిగేదండీ."

"మరి నాకా సంగతి చెప్పలేదేంటండీ? ఆగకపోతే వదిలేసి నన్ను పిలవమన్నాను కదా."

"సీజన్లో ఇక్కడ నుంచుని ఆగలేదు అనే మాట ఎలా అంటామండీ?" అంది. తర్వాత, నా మొహం చూడకుండా, "మీరంత కష్టపడి చేస్తున్నారు, మా వల్ల మీకు మాట రావడం ఎందుకులే అనుకున్నా. మోటారైనా ఆగకపోతే మెయిన్ తీస్తాం కదండీ, ఇదీ అంతే అనుకున్నా."

కార్డులో తెగిపోయిన లైన్లన్నీ కళ్లముందు తిరిగాయి. కరెంటు పోవడం అని నేను రాసుకున్న వాటిలో సగం ఆవిడ చెయ్యే. మెయిన్ వేశాక మళ్లీ లేచిన పెట్టె, గ్యాసు టైము అయిపోయిందని చూసి నేరుగా ఫ్యాను వేసేది. నామీద గౌరవంతో, తన గోదాము బాగుండాలన్న భయంతో, ఆవిడ తన గదికి తానే ముప్పు తెచ్చుకుంది. తప్పంతా నాదేనని చెప్పుకుని మంచిపేరు కొట్టేసే ఓపిక నాకు లేదు. తప్పు ఆవిడదని కూడా అనలేను. ఎవరి మీద విరుచుకుపడాలో తెలియక, ఆ పెట్టె మీద ఉన్న ఎండిన పసుపుని గోటితో గీకుతూ నిలబడ్డాను.

కాయలు తీసి పారబోశారు. లారీలో ఎక్కడికి తీసుకెళ్లారో నేను అడగలేదు. ఆ మధ్యాహ్నమే లాప్‌టాప్ తెచ్చుకుని ఆ ఖాళీ గదిలో, కింద బస్తా పరుచుకుని కూర్చున్నాను. అసలు మీటరుతో నేను స్వయంగా చేసిన మొదటి పరీక్ష అదే. తడి గోనెలు తెప్పించి గది నిండా వేయించాను, కాయలు ఊపిరి వదిలితే గది ఎంత చెమ్మగిల్లుతుందో అంత చెమ్మ కావాలి. కాసేపటికి మీటరు నోరు మూసుకుంది. తేమ ఎక్కువైతే అది అంకెలు పంపడం మానేస్తుందన్నమాట. థ్రెడ్డు రీడ్ అని కూర్చుంది. క్యాన్సెల్ పంపాను. సున్నా అని జవాబు వచ్చింది. మా ప్రోగ్రాముల లోకంలో సున్నా అంటే అంతా సవ్యమని. కానీ ఇక్కడ ఆ సున్నాకి కబురు పెట్టామన్న అర్థమే తప్ప, వాడు లేచాడని కాదు. ఈ ముక్క నేను క్లాసులో ఏళ్లతరబడి బోర్డు మీద రాసి చెప్పాను. పిల్లలు నోట్సులో రాసుకునేవారు.

ప్రోగ్రాము లోపల ఎక్కడ ఆగిందో చూపించే డీబగ్గర్ పెట్టి చూస్తే సంగతి బయటపడింది. మీటరు తయారుచేసినవాళ్లు దానితోపాటు ఇచ్చిన లైబ్రరీలో, అంటే వాళ్లు ముందే రాసిచ్చిన కోడులో, అంకె చదవడానికి లోపలికి వెళ్లేముందు క్యాన్సెల్‌ని మూసేస్తారు. అంకె తీసుకుని బయటికొచ్చాకే తెరుస్తారు. అంకె సగం చదివాక ఎవరైనా లేపితే మిగతా సగం పోతుందని వాళ్ల భయం. భయం న్యాయమైనదే. కానీ అంకె ఎప్పటికీ రాకపోతే? ఆ ప్రశ్న రాసినవాడికి తట్టలేదు. నా దొంగ గొట్టానికి ఆ లైబ్రరీ లేదు, అందుకే ఇంట్లో థ్రెడ్డు పిలిస్తే లేచింది. వాడెవడో, ఏ దేశంలో ఏ ఏసీ గదిలో కూర్చుని రాశాడో నాకు తెలియదు. వాడి కోడు కింద ముసునూరు రసాలు ఉడికిపోయాయని వాడికీ ఎప్పటికీ తెలియదు. ఆ తడి గోనెల మధ్య కూర్చుని, నాకు తెలిసిన తిట్లన్నీ వాడిని తిట్టాను. అర్చకుడి ఇంట్లో ఉన్నదాన్ని కాబట్టి నాకు తెలిసినవి ఎక్కువేం కావు.

దీనికి మందు కష్టమైంది కాదు. లోపలికి వెళ్లేముందు అంకె ఉందా అని తొంగిచూడాలి. ఉంటేనే వెళ్లాలి. లేకపోతే కాసేపు ఆగి, ఆపమన్నారా అని అడిగి, మళ్లీ చూడాలి. అప్పుడు ఎవరూ ఎవరినీ లేపక్కర్లేదు. గుమ్మంలో నిలబడ్డవాడికి కూడా ఒక గడువు పెట్టాను. వాడు రాకపోయినా ఫ్యాను వేసి తీరాలి అని. సాయంత్రానికి మార్పు రాసి, తడి గోనెల మధ్యే పరీక్షించాను. మీటరు నోరు మూసుకున్నా గ్యాసు ఆగింది, ఫ్యాను తిరిగింది, కూలర్ పడింది. షావుకారమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. అయిపోయిందండీ, ఇక ఆగుతుంది అన్నాను. మంచిదండీ అంది. ఖాళీ ట్రేల మీదుగా ఫ్యాను గాలి వీస్తోంది. అంత సరిగ్గా పనిచేసిన పరీక్ష నా జన్మలో ఇంకోటి లేదు, దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు.

రిపోర్టు పంపాను, కారణం, మార్పు, పరీక్ష ఫలితాలు అన్నీ పెట్టి. కంపెనీ నుంచి చాలారోజులు ఏమీ రాలేదు. వచ్చిన జవాబులో, ఈ పెట్టె తయారీ ఆపేస్తున్నామని, ఇకపై దీని మీద పరీక్షలు అవసరం లేదని, ఇన్నాళ్లు సహకరించినందుకు ధన్యవాదాలని ఉంది. నేను పంపిన మార్పుని ఎవరైనా తెరిచి చూశారో లేదో తెలియదు. ఇంకో పని ఉంటే చెబుతామన్నారు. చెప్పలేదు.

గోదాము తాళాలు ఆవిడ బావగారికి ఇచ్చేసింది. నేను ఆ రోజు లేను, తర్వాత తెలిసింది. పెట్టె తీసుకెళ్లడానికి కంపెనీ మనిషి కూడా రాలేదు. కొన్నాళ్లకి ఆ దారిలో వెళ్తూ చూస్తే, లోపల కూల్‌డ్రింకుల కేసులు పైకప్పుదాకా పేర్చి ఉన్నాయి. మామిడి వ్యాపారం మానేసిన మనిషి మళ్లీ మొదలుపెట్టడం మా వైపు నేనెప్పుడూ చూడలేదు. తోటలవాళ్లు పూత మీద ఇంకొకరికి మాట ఇచ్చేస్తారు, కూలీలు ఇంకొకరి దగ్గర కుదురుకుంటారు. ఒక్క సీజను చాలు అందరూ మరిచిపోవడానికి.

వానలు బాగా పట్టాక ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ మా ఇంటికి వచ్చింది. బావగారి కిరాణాలో కూర్చుంటోందట, పప్పులు పొట్లాలు కడుతోందట. బాగానే చూస్తున్నారండీ అంది. చీర అంచు తడిసి ఉంది, తుడుచుకోవడానికి తువ్వాలు ఇచ్చాను, కాఫీ ఇచ్చాను. మా ఆయన గురించి, గుడి గురించి అడిగింది. మామిడి ఊసు ఇద్దరం ఎత్తలేదు. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి, దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పింది.

"టీచరు గారూ, మీ పనిలో నాకేమన్నా ఉంటే చూస్తారా? కోడ్లవీ నాకు రావుగానీ, బటన్ నొక్కి ఆగిందో లేదో చెప్పగలను. ఈసారి ఉన్నది ఉన్నట్టే చెప్తానండీ."

ఆవిడ ఎంత ఆలోచించుకుని వచ్చిందో ఆ మాట తీరులోనే తెలిసింది. కంపెనీ నన్నే వదిలేసిందని, లాప్‌టాప్ మూసి ఎన్నాళ్లయిందో నాకే గుర్తులేదని, నా దగ్గర నొక్కడానికి బటన్ ఏదీ లేదని చెప్పాలి.

"చూస్తానండీ వదినగారూ. ఏదన్నా ఉంటే తప్పకుండా ఫోన్ చేస్తాను," అన్నాను.

ఆవిడ మొహం తేటపడింది. నంబరు మారిందని కొత్తది చెప్పి, నేను ఫోన్‌లో ఎక్కించుకునేదాకా ఉండి, సరిగ్గా ఎక్కిందో లేదో ఒకసారి రింగు ఇచ్చి చూడమంది. రింగు ఇచ్చాను. ఆవిడ సంచిలో మోగింది. తృప్తిగా తల ఊపి, గొడుగు తీసుకుని వానలోకి వెళ్లిపోయింది.